పెంపుడు జంతువుల మందులపై ఆన్‌లైన్ తగ్గింపు: ఆ డబ్బు ఎక్కడ మిగులుతోంది?

హనుమకొండలో ఏ పెట్ క్లినిక్ ముందు సాయంత్రం పూట కాసేపు కూర్చున్నా ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. డాక్టరు చీటీ రాసిస్తారు. కుక్కను తీసుకొచ్చినవారు పక్క కౌంటర్‌లో ధర అడుగుతారు. ఆ తర్వాత ఒక చేత్తో గొలుసు పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి అదే మందు ఆన్‌లైన్‌లో ఎంతకు వస్తుందో వెతుకుతారు. పిడుదుల కోసం నమిలించే బిళ్ల కౌంటర్‌లో 1,800 రూపాయలు అనుకుందాం, ఫోన్‌లో అదే పేరుతో 1,350కి కనబడుతుంది. అక్కడితో ఇంట్లో చర్చ మొదలవుతుంది. డాక్టరు ఎక్కువ తీసుకుంటున్నారని ఒకరంటారు, ఆన్‌లైన్‌ది నకిలీ అయి ఉంటుందని ఇంకొకరంటారు. చాలాసార్లు ఈ రెండూ నిజం కావు. ఆ 450 రూపాయల తేడాకు కారణాలు చాలా ఉంటాయి. వాటిలో కొన్ని పూర్తిగా నిరపాయకరమైనవి, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. వాటిని విడదీసి చూడటానికే ఈ వ్యాసం. ఇందులో లెక్కల కోసం తీసుకున్న ధరలు ఉదాహరణకు అనుకున్నవే తప్ప ఏ ఒక్క షాపువీ కావు.

చట్టం దృష్టిలో కుక్క మందు కూడా మందే

పెంపుడు జంతువుల మందులను చాలామంది బిస్కెట్లు, షాంపూలు, గొలుసుల వరసలో లెక్కేస్తారు. వెబ్‌సైట్లు కూడా వాటిని అదే పేజీలో, అదే రంగు బొత్తాంతో అమ్ముతాయి కాబట్టి ఆ భావన మరింత బలపడుతుంది. కానీ 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ‘మందు’ అన్న మాటను నిర్వచించేటప్పుడే మనుషులకు గానీ జంతువులకు గానీ వాడేది అని స్పష్టంగా చెప్పింది. అందువల్ల కుక్కకు రాసిన యాంటీబయోటిక్‌ను అమ్మడానికి మనిషికి రాసిన దానికి కావలసినట్టే లైసెన్సు కావాలి. చిల్లరగా అమ్మే షాపులకు ఫారం 20, 21 అనే లైసెన్సులుంటాయి. టీకాలు, ఇంజెక్షన్ల వంటివి రెండో దాని కిందికి వస్తాయి.

మందులన్నీ ఒక్క తరగతివి కావు. నిబంధనల్లో వాటిని షెడ్యూళ్లనే జాబితాలుగా విడదీశారు. షెడ్యూల్ హెచ్‌లో ఉన్నవాటిని చీటీ లేకుండా అమ్మకూడదు. హెచ్1లో ఉన్నవాటికి చీటీతో పాటు, ఎవరికి ఎంత అమ్మారో షాపు వారు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కుక్కల చర్మవ్యాధులకు తరచుగా రాసే సెఫ్పొడాక్సిమ్ ఈ జాబితాలోనిదే. షెడ్యూల్ ఎక్స్ మరింత కట్టుదిట్టమైనది. శస్త్రచికిత్సలో మత్తుకు వాడే కెటమిన్ అందులో ఉంది. చీటీ ఎలా ఉండాలో చెప్పే నిబంధనలోనే, జంతువుకు రాసిన మందైతే ఆ జంతువు యజమాని పేరు, చిరునామా ఉండాలని రాసి ఉంది. అంటే ‘కుక్కకే కదా, చీటీ ఎందుకు’ అన్న మాటకు చట్టంలో చోటు లేదు. ఆ చీటీ రాసే అర్హత 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కింద నమోదైన పశువైద్యులకే ఉంటుంది.

ప్రత్యేకంగా జంతువుల కోసమే తయారైన మందు మీద, ఇది మనుషుల వాడకానికి కాదని, పశు చికిత్సకు మాత్రమేనని తెలిపే ఆంగ్ల వాక్యం, దాని పక్కన పెంపుడు జంతువు తల బొమ్మ ఉండాలి. ఈ చిన్న బొమ్మను చాలామంది కంపెనీ ముద్ర అనుకుంటారు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను.

450 రూపాయలు ఎక్కడి నుంచి వస్తాయి

మొదటి చోటు మామూలు వ్యాపారం. కంపెనీ నుంచి టోకు వ్యాపారికి, అక్కడి నుంచి చిల్లర షాపుకు, ఒక్కోసారి మధ్యలో మరొకరికి చేరేసరికి ప్రతి మెట్టు మీదా కొంత లాభం కలుస్తుంది. ఆన్‌లైన్ సంస్థ పెద్ద మొత్తంలో కొని, మధ్య మెట్లు తగ్గించుకుని, తన వాటాలో కొంత కొనుగోలుదారుకు వదులుతుంది. క్లినిక్‌లో అమ్మే డాక్టరుకు ఆ వెసులుబాటు ఉండదు. నెలకు నాలుగు పెట్టెలు అమ్మేవారికి టోకు వ్యాపారి ఇచ్చే ధరకూ, నాలుగు వేలు కొనేవారికి ఇచ్చే ధరకూ పోలిక లేదు. గరిష్ఠ చిల్లర ధర అనేది పై హద్దు మాత్రమే కనుక, దానికంటే తక్కువకు అమ్మడంలో తప్పేమీ లేదు. ఈ రకం తగ్గింపులో మందుకు ఏ లోపమూ రాదు.

రెండోది గడువు దగ్గరపడిన సరుకు. ఇది మోసం కాకపోయినా లెక్క తప్పించే తగ్గింపు. పన్నెండు వారాలకు ఒకటి చొప్పున వాడే పిడుదుల బిళ్ల ఒక్కోటి 1,800 అనుకుంటే, మూడింటికి 5,400 అవుతుంది. 40 శాతం తగ్గింపుతో 3,240కి వచ్చాయి, గడువు తీరడానికి ఐదు నెలలుంది. మొదటిది ఈ రోజు, రెండోది పన్నెండో వారంలో, మూడోది ఇరవై నాలుగో వారంలో వేయాలి. ఐదు నెలలంటే దాదాపు ఇరవై రెండు వారాలే కాబట్టి మూడో బిళ్ల గడువు దాటిపోతుంది. వాడుకునేది రెండే అయినప్పుడు ఒక్కోటి 1,620 పడింది. అంటే నిజంగా దొరికిన తగ్గింపు 10 శాతం. వెబ్ పేజీలో తగ్గింపు పెద్ద అంకెల్లో ఉంటుంది గానీ, గడువు తేదీ పెట్టె ఇంటికి వచ్చాక గానీ తెలియదు.

మూడోది కొలతలో ఉండే తేడా. నమిలించే బిళ్లలను కుక్క బరువును బట్టి వేర్వేరు మోతాదుల్లో తయారు చేస్తారు. ఫ్లూరలానర్ అనే మందునే తీసుకుంటే 2 నుంచి 4.5 కిలోల కుక్కకు 112.5 మిల్లీగ్రాములు, 20 నుంచి 40 కిలోల కుక్కకు 1,000 మిల్లీగ్రాముల బిళ్ల ఉంటుంది. పేజీ తెరవగానే కనబడే ధర చాలాసార్లు అతి చిన్నదానిది. ముప్పై కిలోల లాబ్రడార్‌కు పొరపాటున చిన్న బిళ్ల వేస్తే కిలోకు 3.75 మిల్లీగ్రాములే అందుతాయి. కావలసింది కిలోకు కనీసం 25. దానివల్ల పెద్ద అపాయమేమీ జరగదు, పిడుదులూ పోవు, యజమాని మాత్రం మందు నకిలీదని నిర్ణయించుకుంటాడు. దీనికి తలకిందులుగా, పెద్ద బిళ్ల కొని రెండు చిన్న కుక్కలకు విరిచి వేసేవారూ ఉన్నారు. ఆ బిళ్లను విరవవద్దని తయారీదారే చెబుతారు, ఎందుకంటే మందు ముక్కముక్కకూ సమానంగా పరుచుకుని ఉంటుందన్న హామీ లేదు.

నాలుగోది దారి తప్పిన సరుకు. ఒక దేశంలో అమ్మడానికి తయారైన అసలు మందు, ఆ కంపెనీకి తెలియకుండా మరో దేశపు మార్కెట్‌లోకి రావడం. పెంపుడు కుక్కల పిడుదుల బిళ్లల్లో పేరున్నవి కొన్ని మన దేశానికి దిగుమతి అయ్యేవే. అలాంటి పెట్టె మీద దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, దిగుమతి లైసెన్సు నంబరు, రూపాయల్లో ధర ఉండాలి. అవేవీ లేకుండా మరో దేశపు భాషతో వచ్చిన పెట్టె లోపల ఉన్న మందు అసలైనదే కావచ్చు, కానీ అది ఏ గోదాములో ఎన్ని నెలలు పడి ఉందో, ఎంత వేడిలో ప్రయాణించిందో చెప్పగలవారు, జవాబుదారీ వహించేవారు ఇక్కడ ఉండరు. అమెరికాలో 2004లో ఇలాంటిదే బయటపడింది. పిడుదులు, గోమార్ల నివారణకు మెడ వెనుక వేసే రెండు పేరున్న మందులు వేరే దేశాల కోసం తయారైన సరుకుగా వచ్చి, నకిలీ అమెరికన్ లేబుళ్లు అతికించుకుని అమ్ముడవుతున్నాయని తేలి, అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అమ్మకాలు ఆపమని ఆదేశాలిచ్చింది. లోపలి ద్రవం కన్నా అప్పుడు ఎక్కువ ప్రమాదమైంది లేబులే, ఎందుకంటే ఏ బరువు కుక్కకు ఎంత, పిల్లికి వేయవచ్చా లేదా అన్న సమాచారమంతా దాని మీదే ఉంటుంది.

ఐదోది అచ్చమైన నకిలీ. చట్టం దీన్ని మిగతా లోపాల నుంచి వేరు చేస్తుంది: లేబుల్ తప్పుగా ఉన్నది ఒకటి, కల్తీ అయినది ఒకటి, వేరొకరి మందు పేరుతో తయారైన నకిలీ మరొకటి, మూడింటికీ మూడు సెక్షన్లు. పత్రికల్లో మనం చదివే ‘నాసిరకం’ అన్న మాట వీటికి భిన్నమైనది. అసలు కంపెనీ మందే ప్రయోగశాలలో ప్రమాణానికి తూగకపోతే నాసిరకం అవుతుంది. నాసిరకం మందు మన ఊరి షాపులోనూ ఉండవచ్చు, పేరున్న సైట్‌లోనూ ఉండవచ్చు. ‘షాపు మందు అసలు, ఆన్‌లైన్ మందు నకిలీ’ అని గీసే గీత ఇక్కడే చెరిగిపోతుంది.

ఓరుగల్లు ఎండలో ఒక పెట్టె ప్రయాణం

ఇంతవరకు చెప్పినవన్నీ ఏ ఊరికైనా వర్తిస్తాయి. ఉత్తర తెలంగాణకు ప్రత్యేకంగా వర్తించేది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, మంచిర్యాల, వరంగల్ ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు చేరడం వింత కాదు, మూసి ఉన్న డెలివరీ వ్యాను లోపల అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. మాత్రల మీద సాధారణంగా 25 లేదా 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలని రాసి ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఎండ తగిలినంత మాత్రాన పొడి మాత్ర విషమైపోదు; చాలా మాత్రలు కొన్ని గంటల వేడిని తట్టుకుంటాయి. మెత్తని నమిలే బిళ్లలు, జిలాటిన్ క్యాప్సూళ్లు, కంటి చుక్కలు, నూనె కలిసిన ద్రవాలు అంత ఓర్పు గలవి కావు.

మా ఇంటికి ఒక మే నెలలో వచ్చిన పొట్లం గేటు లోపలికి విసిరేయగా, మేము ఊరి నుంచి వచ్చే వరకు మిట్టమధ్యాహ్నపు ఎండలో గచ్చు మీద పడి ఉంది. లోపలి క్యాప్సూళ్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి. అవి కనీసం ముద్దయ్యాయి కాబట్టి పాడయ్యాయని తెలిసింది.

టీకాల విషయంలో ఆ మాత్రం ఆనవాలు కూడా ఉండదు. కుక్కలకు వేసే రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ తదితరాలకు వేసే మిశ్రమ టీకా తయారీ గోదాము నుంచి సూది దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. వేడెక్కితే శక్తి కోల్పోతుంది. ఐస్‌కు నేరుగా ఆనుకుని గడ్డకట్టినా రేబిస్ టీకా వంటివి దెబ్బతింటాయి. ఈ మొత్తం ఏర్పాటును కోల్డ్ చైన్ అంటారు. చైన్ మధ్యలో తెగిన టీకా సీసా చూడటానికి ఎప్పటిలాగే ఉంటుంది, సూది వేస్తే కుక్క ఎప్పటిలాగే మూలుగుతుంది, కార్డు మీద తేదీ పడుతుంది. తేడా ఎప్పుడు తెలుస్తుందంటే, ఆ కుక్కను వీధిలో మరో పిచ్చికుక్క కరిచినప్పుడు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మనుషుల్లోనూ చికిత్స దాదాపు శూన్యం కనుక, టీకా మీద మిగిలిన వంద, రెండు వందల రూపాయలను మిగతా తగ్గింపులతో కలిపి మాట్లాడటమే సరికాదని నా అభిప్రాయం. మంచు పెట్టెలో, ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరంతో టీకాలు పంపగల సంస్థలు ఉండవచ్చు. అయినా మన గేటు దగ్గర నుంచి మన ఫ్రిజ్ దాకా, అక్కడి నుంచి సూది దాకా ఆ గొలుసును కాపాడేది ఎవరన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

మందు అసలైనదే, జంతువు వేరు

పశువైద్యులు భయపడేది నకిలీ మందుల గురించి కన్నా, అసలైన మందును తమ అంతట తాము కొని వేసేవారి గురించి. దుకాణంలో కనీసం ఎవరో ఒకరు ‘దేనికి, ఎంత బరువు’ అని అడుగుతారు. పేజీ అడగదు.

ఐవర్‌మెక్టిన్ దీనికి మంచి ఉదాహరణ. గొడ్లకు, గొర్రెలకు వాడే ఇంజెక్షన్ మన పల్లెల్లో సుపరిచితం. 1 శాతం ద్రావణం అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు. గొడ్డుకు కిలోకు 200 మైక్రోగ్రాముల చొప్పున, అంటే ప్రతి 50 కిలోలకు ఒక మిల్లీలీటరు వేస్తారు. గజ్జి పట్టిన కుక్కలకు కూడా కొందరు డాక్టర్లు ఈ మందును రోజులు, వారాలు లెక్కగట్టి వాడతారు. ఇప్పుడు ఐదు కిలోల పొమేరియన్‌ను తీసుకుందాం. కిలోకు 300 మైక్రోగ్రాముల చొప్పున లెక్కిస్తే దానికి 1.5 మిల్లీగ్రాములు, అంటే 0.15 మిల్లీలీటరు సరిపోతుంది. సిరంజి మీద అది చిన్న గీత. ‘చిన్న కుక్కే కదా, ఒక మిల్లీలీటరు వేద్దాం’ అనుకుంటే 10 మిల్లీగ్రాములు వెళ్లి, మోతాదు దాదాపు ఏడు రెట్లవుతుంది. కోలీ జాతి కుక్కల్లోను, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలోను, కొంత శాతం జర్మన్ షెపర్డ్‌లలోను ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది; ఆ లోపమున్న కుక్కలకు మెదడులోకి మందు చేరకుండా అడ్డుకునే ఏర్పాటు పనిచేయదు, కాబట్టి వేరే కుక్క తట్టుకునే మోతాదుకే అవి తూలిపోయి, వణికి, స్పృహ తప్పవచ్చు.

పిల్లుల సంగతి మరీ సున్నితం. పెర్మెత్రిన్ కుక్కల పిడుదుల మందుల్లో సాధారణమైన పదార్థం. కుక్కకు ఏమీ కాదు, పిల్లికి వణుకు, మూర్ఛ, మరణం దాకా తేవచ్చు. పిల్లుల కాలేయంలో కొన్ని పదార్థాలను విరిచి బయటికి పంపే ఎంజైమ్ చాలా తక్కువ. పారాసెటమాల్ కూడా ఈ కారణంగానే వాటికి విషం: నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేస్తే కిలోకు 125 మిల్లీగ్రాములవుతుంది, అది ప్రాణాంతకం. ‘కుక్కలు, పిల్లులు’ అన్న ఒకే శీర్షిక కింద సరుకు పేర్చే వెబ్ పేజీ ఈ తేడాను చిన్న అక్షరాల్లోకి నెట్టేస్తుంది.

మధుమేహమున్న కుక్కల ఇన్సులిన్ ఇంకో రకం చిక్కు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న సీసాలూ, 100 యూనిట్లున్నవీ రెండూ దొరుకుతాయి, వాటికి తగిన సిరంజులు కూడా వేర్వేరు. 40 యూనిట్ల సిరంజిలో ‘10’ గీత వరకు అంటే 0.25 మిల్లీలీటరు. ఆ సిరంజితో, చవకగా దొరికిందని తెప్పించిన 100 యూనిట్ల సీసా నుంచి అదే గీత దాకా తీస్తే కుక్కకు వెళ్లేది 25 యూనిట్లు. సీసా అసలైనదే, సిరంజి అసలైనదే, గీత డాక్టరు చెప్పినదే. అయినా మోతాదు రెండున్నర రెట్లు.

మనుషుల మందు చవక కదా అన్న వాదన

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. పిడుదుల నుంచి వచ్చే ఎర్లికియా జ్వరానికి డాక్సీసైక్లిన్ రాస్తారు. ఇరవై కిలోల కుక్కకు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 200, అలా 28 రోజులకు 100 మిల్లీగ్రాములవి 56 కావాలి. కుక్కల పేరుతో వచ్చే బ్రాండ్‌కూ, మనుషుల జనరిక్‌కూ ధరలో పెద్ద తేడా ఉంటుంది, లోపలి మందు ఒక్కటే. చాలామంది డాక్టర్లు స్వయంగా మనుషుల జనరిక్‌నే రాస్తారు, అందులో తప్పు లేదు.

చిక్కంతా మందు చుట్టూ ఉన్నవాటితో. మనుషుల సిరప్‌లలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కల రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. నొప్పి మాత్రల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుళ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. డాక్సీసైక్లిన్‌నే పిల్లికి పొడిగా మింగిస్తే గొంతు దిగువన ఆగి అక్కడే పుండు పెట్టవచ్చు. కాబట్టి ‘ఒకే మందు’ అన్న మాట డాక్టరు చెబితే ఒక అర్థం, ఫోన్‌లో పేరు పోల్చి మనం అనుకుంటే మరో అర్థం.

మనుషులకు చట్టబద్ధమై జంతువులకు నిషిద్ధమైన మందులూ ఉన్నాయి. రాబందులను చంపుతోందని తేలిన డైక్లోఫెనాక్‌ను పశువుల వాడకానికి 2006లో నిషేధించారు. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. ఆ మందులు వాడిన గొడ్డు చనిపోతే, దాని కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడవుతాయి. ఇది ఎక్కడో దూరపు కథ కాదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నది మన ఉత్తర తెలంగాణలోనే. ఫోన్‌లో ‘నొప్పి ఇంజెక్షన్’ అని వెతికే రైతుకు ఏది మనుషులది, ఏది గొడ్డుకు నిషిద్ధమో తెరమీద కనబడదు.

ఆన్‌లైన్‌లో మందు అమ్మడం చట్టబద్ధమేనా

దీనికి ఔనని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేకపోవడమే గందరగోళానికి మూలం. 1940 చట్టం నాటికి ఇంటర్నెట్ లేదు. ఈ-ఫార్మసీలకు ప్రత్యేక నిబంధనల ముసాయిదాను కేంద్రం 2018 ఆగస్టులో విడుదల చేసింది; ఏళ్లు గడిచినా అది తుది నిబంధనలుగా మారలేదు. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలను ఆపమంది. మద్రాసు హైకోర్టులో ఒక న్యాయమూర్తి ఇచ్చిన ఇలాంటి ఆదేశాన్ని అక్కడి ధర్మాసనం తర్వాత నిలిపివేసింది. 2023 ఫిబ్రవరిలో దేశ ఔషధ నియంత్రణాధికారి పలు సంస్థలకు సంజాయిషీ నోటీసులిచ్చారు. మధ్యలో కొవిడ్ వచ్చినప్పుడు, 2020 మార్చిలో, లైసెన్సున్న షాపులు చీటీ చూసి ఇంటికి మందులు పంపవచ్చని అనుమతి వచ్చింది, కానీ అది షాపు ఉన్న రెవెన్యూ జిల్లా లోపలే. ఈ షరతును మన జంట నగరానికి అన్వయిస్తే కాస్త నవ్వొస్తుంది: 2021 నుంచి హనుమకొండ ఒక జిల్లా, వరంగల్ మరో జిల్లా కాబట్టి, వరంగల్ స్టేషన్ రోడ్డు షాపు నుంచి హనుమకొండ సుబేదారిలోని ఇంటికి పంపితే జిల్లా సరిహద్దు దాటినట్టే.

ఆన్‌లైన్ సంస్థల వాదన ఏమిటంటే, తాము కేవలం మధ్యవర్తులమని, మందు అమ్మేది లైసెన్సున్న షాపేనని, చీటీని తమ ఫార్మసిస్టు పరిశీలిస్తారని. మందుల షాపుల సంఘాలు దీన్ని ఒప్పుకోవు. ఒకే చీటీ ఫొటోను నాలుగు సైట్లలో నాలుగుసార్లు వాడుకోవచ్చని, భారీ తగ్గింపులు చిన్న షాపులను చంపేస్తాయని అంటాయి. మొదటి అభ్యంతరం ప్రజల భద్రత గురించినది, రెండోది వ్యాపారం గురించినది. రెండింటినీ కలిపి వినిపించడం వల్ల మొదటిదాని బరువు తగ్గిపోతోంది. పశువైద్యుల మాటలోనూ ఇలాంటి కలగలుపు కొంత ఉంది. పరీక్షించి మందు రాసేవారే మందు అమ్మితే లాభం మీద మనసు పోతుందన్న విమర్శకు వారి దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే కుక్కను తాకి చూసి, బరువు తూచి, పాత జబ్బులు అడిగి ఇచ్చే మందుకూ, తెర మీద ఎంచుకున్న మందుకూ తేడా ఉందన్న వారి మాట మాత్రం పై లెక్కలన్నీ చూశాక కాదనలేం.

ఈ చర్చలో తక్కువగా వినబడేది చిన్న ఊళ్ల గొంతు. వరంగల్ శివారు మామునూరులోను, జగిత్యాల జిల్లా కోరుట్లలోను పశువైద్య కళాశాలలున్నాయి. హనుమకొండలో, కరీంనగర్‌లో పెట్ క్లినిక్‌లున్నాయి. కానీ భూపాలపల్లిలోనో, ఏటూరునాగారంలోనో పిల్లిని పెంచుకునే టీచరుకు దాని మూత్రపిండాల జబ్బుకు డాక్టరు రాసిన మందు ఊళ్లో దొరకదు. ప్రభుత్వ పశువైద్యశాలలో గొర్రెలకు నట్టల మందు ఉంటుంది, పిల్లికి కావలసింది ఉండదు. నెలకోసారి వరంగల్‌కు బస్సులో వచ్చిపోవడం కన్నా, డాక్టరు రాసిన చీటీని పంపి అదే కంపెనీ మాత్రను తెప్పించుకోవడం ఆమెకు సౌకర్యం కాదు, అవసరం. పొడి మాత్ర, తెలిసిన మోతాదు, ఏళ్లుగా వాడుతున్నది, చీటీ అడిగే అమ్మకందారు: ఇలాంటి చోట ఆన్‌లైన్‌కూ కౌంటర్‌కూ ప్రమాదంలో పెద్ద తేడా లేదు. టీకా, ఇన్సులిన్, మొదటిసారి వాడే ఇంజెక్షన్, చీటీ అడగని సైట్ అనగానే లెక్క పూర్తిగా మారిపోతుంది.

అనుమానం వచ్చాక ఏం తేలుతుంది

మనుషుల మందుల్లో 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్‌తో చూస్తే తయారీదారు, బ్యాచ్, గడువు తెలుస్తాయి. కుక్కల మందుల పెట్టెల మీద అలాంటి ఆసరా సాధారణంగా ఉండదు. మిగిలేవి పాత ఆనవాళ్లే: తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, రెండు తేదీలు, చిరునామా, ఆ జంతువు తల బొమ్మ. పెట్టె మీద ఉన్న బ్యాచ్ నంబరు, లోపలి రేకు మీద ఉన్నది ఒకటి కాకపోతే ఎక్కడో చేతులు మారాయన్నమాట.

చట్టంలో చాలామందికి తెలియని రెండు సెక్షన్లు ఇక్కడ పనికొస్తాయి. 18ఏ ప్రకారం, అమ్మినవారు ఆ మందును తాము ఎవరి దగ్గర కొన్నారో ఇన్‌స్పెక్టరు అడిగితే చెప్పి తీరాలి. 26 ప్రకారం, మందు కొన్న ఏ వ్యక్తి అయినా రుసుము చెల్లించి దాన్ని ప్రభుత్వ విశ్లేషకుడి దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. రెండింటికీ మొదటి మెట్టు ఒక్కటే, అమ్మిన లైసెన్సుదారు పేరు, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు. మా గచ్చు మీద ముద్దయిన క్యాప్సూళ్లతో వచ్చిన కాగితం మీద సైట్ పేరు, ఆర్డర్ నంబరు, తగ్గింపు వల్ల మాకు మిగిలిన డబ్బు ఎంతో పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అమ్మిన షాపు ఏ ఊరిదో, బ్యాచ్ ఏదో ఎక్కడా లేదు.